పీపాకు కప్పిన దుప్పటి

మా ఆయనకు పిచ్చి అని నేను అనను. కానీ భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఈ అలెగ్జాండ్రా ఊళ్ళో, జూన్ నెల నడి చలికాలంలో, తెల్లారేసరికి పెరట్లో కుళాయి గడ్డకట్టుకుపోయే రోజుల్లో, కట్టుకున్న పెళ్ళాం మంచం మీది ఎలక్ట్రిక్ దుప్పటి లాక్కెళ్ళి ఒక చెక్కపీపాకు కప్పి వచ్చిన మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. నేనైతే ఆ రోజు చాలానే అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

ఆయన పేరు ఉదయభాస్కర్. అనంతపురం పక్క పల్లె. వాళ్ళ నాన్న ద్రాక్షతోటలు కౌలుకు చేసేవాడు. ఆ తోటల్లో పెరిగినవాడికి ద్రాక్ష అంటే తీపే. తీపి తగ్గితే కాయకు బేరమూ ఉండదు, మర్యాదా ఉండదు. అలాంటివాడు ఈ దేశం వచ్చి, ద్రాక్షరసంలో తీపి ఒక్క చుక్క మిగలకుండా పోయేదాకా కాచుకుని కూర్చునే ఇంట్లో పనికి కుదిరాడు. ఎక్కడ రాసిపెట్టి ఉందో.

నాది తెనాలి. 2011లో ఇద్దరం ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌లో ఒకే క్లాసు. ఆ ఊరి చలి గురించి మొదలుపెడితే ఇవాళ్టికి తెమలదు. మా ఫ్లాట్ ముందు ఆయన పాత నిస్సాన్ కారు నిలిపేవాడు. పొద్దున్నే అందరూ కార్ల అద్దాల మీద మంచు గీక్కుని క్లాసుకు పరిగెడుతుంటే, ఈయన గోరువెచ్చని నీళ్ళు పోసి, లేచే ఆవిరిని చూస్తూ అలాగే నిలబడిపోయేవాడు. ఆవిరి అయిపోయాక కూడా నిలబడేవాడు. ఆ నిలబడ్డ మనిషినే నేను కోరి చేసుకున్నాను. నా ఖర్మకు ఎవరినీ అనేందుకు లేదు.

డిప్లొమా చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. పాలు పితికే ఫారంలో కొన్నాళ్ళు, ఇంకెక్కడో కొన్నాళ్ళు చేసి, ద్రాక్ష కోతలకు మనుషులు కావాలంటే ఇద్దరం అలెగ్జాండ్రా వచ్చాం. కొండల మధ్య గిన్నెలా ఉండే ఊరు. ఎండాకాలం మాడుస్తుంది, చలికాలం బిగిస్తుంది, మధ్యలో శరత్కాలం మాత్రం ఎవరో కల కంటూ మధ్యలో వదిలేసినట్టు ఉంటుంది. కొండవాలు మీద తోటలన్నీ పసుపు. గాలి లేకుండానే ఆకులు రాలుతుంటాయి. కోతలయ్యాక మిగతావాళ్ళు డబ్బులు తీసుకుని వ్యాన్ ఎక్కారు. మా ఆయన కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే నేలమాళిగ తలుపు దగ్గర తలవంచి నిలబడి ఉన్నాడు. పక్కన ఆ తోట యజమాని, పొడుగాటి ముసలాయన, చేతులు కట్టుకుని ఈయన్నే చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు ఇక్కడ?" అని అడిగాడు ముసలాయన.

"వింటున్నాను," అన్నాడు మా ఆయన.

ఆ సమాధానానికే ఉద్యోగం వచ్చింది. నేను అబద్ధం చెప్పడం లేదు. లోపల పీపాల్లో రసం పులుస్తోంది. ఆ చప్పుడు చెవిపెట్టి వినేవాడు ఒకడు దొరికాడని ముసలాయన సంబరం. ఆయన పేరు గుంటర్ లౌబర్. జర్మనీలో రైన్ నది పక్క నుంచి ముప్పై ఏళ్ళ కిందట భార్యనూ చంటికొడుకునూ తీసుకుని వచ్చి, ఆ కొండవాలు కొని, రాయి తొలిచి నేలమాళిగ కట్టుకున్నాడు. భార్య పోయింది. కొడుకు మార్టిన్, తండ్రి, మా ఆయన. అంతే ఆ వైనరీ. చేసేది ఒకే రకం, రీస్లింగ్ ద్రాక్షతో డ్రై వైన్. తడిగా ఉన్నదాన్ని డ్రై అనడమేమిటో అని నేను చాలారోజులు నవ్వాను. రసం పులిసి, అందులో తీపి మొత్తం హరించుకుపోయి, నాలుక మీద తీపి జాడ లేకుండా పోతే దాన్ని డ్రై అంటారట. చూసిపోదామని వచ్చిన టూరిస్టులు కొంచెం తియ్యగా ఏమైనా ఉందా అని అడిగితే, గుంటర్ మర్యాదగా వేలు చూపించేవాడు, రోడ్డు చివర ఐస్‌క్రీమ్ బండి వైపు.

ఆయన పద్ధతులు ఆయనవి. రసంలో ఈస్టు కలపడు. వేడి పెట్టడు, చల్లబరచడు. ఏప్రిల్ చివర కోస్తే, మే నెలంతా పీపాలు గొణుగుతాయి. చలి ముదిరాక సగం తీపితోనే నిద్రపోతాయి. అక్టోబరులో రాయి వెచ్చబడితే వాటంతటవే లేచి, నవంబరుకు మిగతా తీపి తినేసి ఆగుతాయి. చప్పుడు పూర్తిగా ఆగిన రోజున ఇంట్లో పెద్దవాడు పీపా మీద చెయ్యి పెట్టి మొదటి గుక్క తాగుతాడు. అప్పటిదాకా ఇంకెవరూ తాగరు. తొందరపెడితే రసం మాట వింటుంది గానీ మనసు విప్పదు అనేవాడట. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి, పప్పులో ఉప్పెక్కువైంది కూడా గమనించకుండా తినేసి, కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చునేవాడు. సరిపోయారు ఇద్దరూ అనుకునేదాన్ని.

2015లో కోతలు అయిపోయి, మూడు పీపాలు నిండి, మే నెల నడుస్తుండగా గుంటర్‌కు స్ట్రోక్ వచ్చింది. కుడివైపు పడిపోయింది. ముప్పై ఏళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు పలక మీద రాత చెరిపినట్టు పోయింది. చిన్నప్పటి జర్మన్ ఒక్కటే మిగిలింది. ఆసుపత్రి నుంచి ఆయన్ని నేను కేర్‌గివర్‌గా పనిచేసే రెస్ట్ హోమ్‌కు తెచ్చారు. అలా మా ఇంట్లో ఒకరు ఆయన పీపాలను చూసుకుంటుంటే, ఇంకొకరు ఆయన్ని చూసుకున్నాం.

రోజూ పొద్దున నేను కర్టెన్ తీయగానే ఒకటే మాట అడిగేవాడు. "ట్రోకెన్?"

డ్రై అయిందా అని. మా ఆయన్ని అడిగి అర్థం తెలుసుకున్నాను. నేను రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్రపోతున్నట్టు చూపించేదాన్ని. ఆయన తృప్తిగా తలూపేవాడు. పీపాలు నిద్రపోతున్నాయంటే లోకం సవ్యంగా ఉన్నట్టే ఆయనకు. ఆ గదిలో పని త్వరగా ముగించాలనిపించేది కాదు. బయట పొగమంచు కిటికీని ఆనుకుని నిలబడేది. కొండలు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. ఆయన ఎటో చూస్తూ జర్మన్‌లో ఏదో చెప్పేవాడు, నేను దుప్పటి సర్దుతూ తెలుగులో మా తెనాలి కబుర్లు చెప్పేదాన్ని. ఒకరి మాట ఒకరికి తెలియదు, అయినా కబుర్లు సాగేవి.

జూన్ మధ్యలో డాక్టర్ వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. గుండె కూడా దెబ్బతింది, ఇక కొన్ని వారాలే అని ఇంగ్లీషులో నెమ్మదిగా, దయగా చెప్పాడు. గుంటర్ కొడుకు మొహం చూశాడు. మార్టిన్ జర్మన్‌లోకి మార్చి చెప్పాడు. విని గుంటర్ చిరునవ్వు నవ్వాడు. ధైర్యం గల మనిషని డాక్టర్ భుజం తట్టి వెళ్ళాడు. నాకు మాత్రం ఆ నవ్వు చూసి అనుమానం వచ్చింది. చావు కబురు విని అంత హాయిగా ఎవరు నవ్వుతారు? వరండాలో మార్టిన్‌ను ఆపి అడిగాను.

"ఏం చెప్పావు ఆయనకు?"

మార్టిన్ గోడ వైపు చూశాడు. "వసంతానికి ఇంటికి వచ్చేస్తావు అని చెప్పాను."

నాకు కోపం రాలేదు. మన ఇళ్ళల్లో చేసేదీ అదేగా. మా తాతయ్యకు కూడా చివరిదాకా గ్యాస్ట్రిక్ అనే చెప్పాం. ఎంత తెల్లతోలు అయినా కొడుకు కొడుకే అనుకుని, ఆ అబ్బాయికి టీ కలిపి ఇచ్చాను.

మా ఆయనకు మార్టినే చెప్పాడు, నేలమాళిగలో. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడ్డాడు.

"పెద్దాయన వసంతం దాకా ఉండడంట జ్యోతీ."

"తెలుసు."

"పీపాలు నవంబరుకు గానీ ఆగవు." తలుపుకు ఆనుకున్నాడు. "రోజూ అడుగుతాండాడు కదా, ట్రోకెన్ అని."

నేనప్పుడు వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలోంచి ఇడ్లీపిండి గిన్నె తీస్తున్నాను. ఈ దేశంలో తెలుగువాళ్ళ ఇంట్లో ఆ అలమర ఉన్నది తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి కాదు, పిండి పులియబెట్టుకోవడానికి. ఆయన పొంగిన పిండి వైపే చూస్తున్నాడు.

"చలికి పొంగకపోతే ఏం జేస్తావు దీన్ని?"

"ఈ అలమరలో పెడతాను. ఇంకా పొంగకపోతే దుప్పటి చుడతాను. రోజూ చూస్తున్నదేగా, ఇవాళేమిటి కొత్తగా?"

"ఊరికే అడిగినా," అన్నాడు. ఆ ఊరికేలో ఏముందో నేను అప్పుడే పట్టుకోవాల్సింది.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద చెయ్యి వేస్తే బోసిగా ఉంది. ఎలక్ట్రిక్ దుప్పటి లేదు.

"నా దుప్పటి ఏది?"

"చిన్న పీపాకు కప్పినా."

ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయ్యాక నాకంటూ కొనిపెట్టిన ఒకే ఒక్క సుఖం అది. అరిచాను. పెద్దాయన పద్ధతి మీకు తెలియదా, వేడి తగిలితే ఒప్పుకోడని మీరే కదా చెప్పారు, మార్టిన్‌కు తెలిస్తే ఉద్యోగం పోతుంది, అప్పుడు ఆ పీపాలోనే కాపురం పెడదామా అన్నాను. ఆయన అంతా విన్నాడు. ఈ మనిషి ఏదైనా అంత శ్రద్ధగానే వింటాడు.

"మార్టిన్ చూసినాడు," అన్నాడు చివరికి. "మా నాన్న ఒప్పుకోడు అన్నాడు. కొంచేపు అట్లే నిలబడి, నా చేతిలో ప్లగ్గు తీసుకొని ఆయప్పే పెట్టినాడు."

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. లోపలికి వెళ్ళి రజాయి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. ఒక్క దుప్పటి సరిపోదు, పైన ఇది చుట్టండి, వేడి బయటికి పోకుండా ఉంటుంది అన్నాను. ఆ చలికాలమంతా నేను రెండు స్వెటర్లు వేసుకుని పడుకున్నాను.

ఒక సెలవు రోజున నేను కూడా వెళ్ళాను చూద్దామని. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, తోటలో నడుస్తుంటే ఒక్కో మోడు ద్రాక్షతీగ ఎదురొచ్చి పలకరించి పోతున్నట్టు ఉంది. మెట్లు దిగితే లోపల మసక వెలుతురు. రెండు పీపాలు చల్లగా, మౌనంగా ఉన్నాయి. మూడోది నా రజాయి కప్పుకుని, జ్వరమొచ్చిన మనిషిలా మూలన ఉంది. మా ఆయన దుప్పటి అంచు ఎత్తి, చెవి ఆనించమన్నాడు. ఆనించాను. సన్నమంట మీద అన్నం ఉడుకుతున్నట్టు చప్పుడు. చెక్క గోరువెచ్చగా ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లోపల తీపి కొంచెం కొంచెంగా తగ్గిపోతోంది, ఒక ముసలాయన కోసం. ఎప్పుడూ ఆవిర్లూ చప్పుళ్ళూ పట్టుకుని నిలబడిపోయే ఈ మనిషికి ఏం దొరుకుతుందో ఆ రోజు నాకు కొంచెం తెలిసింది. ఆయనకు చెప్పలేదు, చెబితే నెత్తినెక్కి కూర్చుంటాడు.

మార్టిన్ రోజూ వచ్చి తండ్రి మంచం పక్కన కూర్చునేవాడు. వసంతంలో ఏ తీగలు కత్తిరించాలి, కొత్త ట్రాక్టరు కొందామా, కప్పు మీద రేకులు మార్పిద్దామా. ఇదే మాట్లాడుతున్నానని నాతో చెప్పేవాడు. చెప్పి బయటికొచ్చి కారులో చాలాసేపు కూర్చుని వెళ్ళేవాడు. గుంటర్ చిక్కిపోతున్నాడు. పీపా ముందు ఆగుతుందా, ఆయన ముందు ఆగుతాడా అని మాకు ముగ్గురికీ ఒకటే భయం.

జూలైలో ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. "ఆగింది," అన్నాడు. కొలిచి చూశాడట, తీపి లేదట.

ఆ వెంటనే ఆయనా మార్టినూ రెస్ట్ హోమ్‌కు వచ్చారు. ఒకటి రెండు గుక్కలైతే ఫరవాలేదని నర్సు అంది. ఆ రోజు పొగమంచు విడిచింది. కిటికీ అవతల చెట్లన్నీ రెమ్మరెమ్మకూ మంచు పట్టి, ఎండ పడి, తెల్లగా మెరుస్తూ నిలబడ్డాయి. గుంటర్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆ కిటికీ దగ్గరికి నేనే తోశాను. మార్టిన్ ఇంటినుంచి ఆకుపచ్చ కాడ ఉన్న పాత గ్లాసు తెచ్చాడు. పీపాను తేలేడు కాబట్టి మా ఆయన దాని మూతి బిగించే చెక్కబిరడా జేబులో పెట్టుకుని తెచ్చి, పెద్దాయన ఒళ్ళో పెట్టాడు. గుంటర్ దాన్ని చూసి, అర్థమై, పనిచేసే ఎడమచెయ్యి దాని మీద వేశాడు. మార్టిన్ గ్లాసు పెదవులకు అందించాడు.

ముందు వాసన చూశాడు. తర్వాత చిన్న గుక్క. కళ్ళు మూసుకున్నాడు.

"ట్రోకెన్," అన్నాడు. ఈసారి అది ప్రశ్న కాదు.

మార్టిన్ నవ్వాడు. నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నిమిషం మా ముగ్గురికీ ఎంత సంతోషమో చెప్పలేను.

గుంటర్ మళ్ళీ గ్లాసు దగ్గరికి తెమ్మని సైగ చేశాడు. ఈసారి తాగలేదు. చాలాసేపు వాసన చూశాడు. తలెత్తి కిటికీలోంచి తెల్లటి చెట్లను చూశాడు. తర్వాత మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, కొడుకును చూశాడు. కోపం లేదు ఆ చూపులో. జర్మన్‌లో చిన్న మాట ఏదో అడిగాడు.

మార్టిన్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. రుచిలో ఏదో తేడా వచ్చిందనుకుని మా ఆయన కంగారుపడ్డాడు. "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

"'ఎవరికి తొందర?' అంటున్నాడు," అన్నాడు మార్టిన్.

అప్పుడు తట్టింది మాకు. ముప్పై ఏళ్ళలో ఆ పీపా ఒక్కసారి కూడా చలికాలంలో ఆగలేదు. వేడి ఎలా పెట్టాలో ఆలోచించాం, ఏ గ్లాసులో ఇవ్వాలో ఆలోచించాం, నర్సును ఎలా ఒప్పించాలో ఆలోచించాం. తీసుకెళ్ళేది ఎవరి దగ్గరికో మాత్రం ఆలోచించలేదు. ఇంగ్లీషు పోయింది గానీ ఆయన ముక్కు పోలేదు. ఎదురుగా కిటికీ నిండా జూలై నెల.

గుంటర్ బిరడా మీది చెయ్యి తీసి తన గుండె మీద వేసుకున్నాడు. ఒక్క మాట అడిగాడు. అది మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నాకా, అని.

మార్టిన్ కుర్చీ ముందు నేలమీద కూలబడ్డాడు. తండ్రి మోకాళ్ళు పట్టుకుని, ఏడుస్తూ, డాక్టర్ చెప్పిందంతా చెప్పాడు. ఈసారి గుంటర్ నవ్వలేదు. విన్నాడు, అంతా విన్నాక కొడుకు తలమీద చెయ్యి వేసి, ఆగి ఆగి ఏదో చెప్పాడు. మేం అడగకపోయినా మార్టిన్ మావైపు తిరిగి చెప్పాడు.

"'ఇన్ని వారాలు రేకుల గురించీ ట్రాక్టరు గురించీ మాట్లాడావు. నీతో నేను మాట్లాడాల్సింది అది కాదు కదరా' అంటున్నాడు."

మా ఆయన బయటికి వెళ్ళిపోయాడు. డ్యూటీ వదిలేసి నేను వెనకే వెళ్ళాను. కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"సంతోషం తీసుకొస్తాండామనుకున్నా జ్యోతీ," అన్నాడు. "సావు కబురు తీసుకొచ్చి చేతికిచ్చినా." ఆయన చేతులు చల్లగా ఉంటే నా చేతుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

మర్నాడే గుంటర్ ఇంటికి వెళ్ళిపోతానన్నాడు. తీసుకెళ్ళారు. ఆగస్టు మొదట్లో తన మంచం మీదే పోయాడు, కొడుకు పక్కన ఉండగా. ఆ మధ్యలో నేను సెలవు రోజుల్లో వెళ్ళి ఒళ్ళు తుడిచి వచ్చేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా తండ్రీకొడుకులు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. ఒక్కోసారి నవ్వుకునేవాళ్ళు, ఒక్కోసారి మార్టిన్ కళ్ళు ఎర్రగా ఉండేవి. చనిపోయిన తల్లి పేరు మాత్రం నాకు వినిపించేది. ఏమిటని నేను అడగలేదు.

మా ఆయన మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు. పని చేసుకుని నేలమాళిగ నుంచి అటే మా ఇంటికి వచ్చేసేవాడు. పెద్దాయన మొహం చూడలేనన్నాడు. అందుకని ఒక మధ్యాహ్నం పెద్దాయనే నేలమాళిగకు వచ్చాడు. మార్టిన్, నేను కలిసి కుర్చీని మెట్లమీద నుంచి ఎత్తి దించాం. మా ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. తప్పయిందని చెప్పమని మార్టిన్‌ను అడిగాడు. ఆ పీపాలోది పారబోయమంటే పారబోస్తానన్నాడు.

గుంటర్ వద్దని చెయ్యి ఊపాడు. ఒక గ్లాసు అడిగి, రెండు గుక్కలు తాగాడు. అలాగే కూర్చుని చీకట్లో పక్కపక్కన నిద్రపోతున్న మిగతా రెండు పీపాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మా ఆయన్ని దగ్గరికి పిలిచి వాటిని చూపించి ఏదో చెప్పాడు.

"'వీటికి తొందర లేదు' అంటున్నాడు," అన్నాడు మార్టిన్.

మా ఆయన సరే అన్నట్టు తలూపాడు.